కొమ్మ కింద కొమ్మ

అపార్ట్‌మెంట్ ఆఫీసులో అత్తగారు కొడుకు సంతకం చేసిన కాగితాన్ని బల్ల మీదికి విసిరారు.

"నా కోడలి పేరు తీసెయ్. ఇక దాని కార్డుకి లిఫ్టు తెరుచుకోకూడదు."

అక్కడ కార్డులు చూసే ఆపరేటర్‌కి ఆ గొంతంటేనే ఒళ్లు మంట. అయినా స్క్రీన్ చూసి చెప్పాడు.

"ఇందులో పేర్లు చెట్టులా ఉంటాయమ్మా. ఎవరు చేర్పిస్తే వాళ్ల కింద కొమ్మ. పై కొమ్మ కొట్టేస్తే కిందదీ పోతుంది. మీ కోడలి కింద ఒకరున్నారు. పేరు..."

"చదవక్కర్లేదు. వాళ్లమ్మే అయ్యుంటుంది. ఇద్దర్నీ ఊడ్చెయ్, పీడా విరగడైపోతుంది."

"ఒక్కసారి చూసుకోండి."

"నాకు నేర్పకు. చెప్పింది చెయ్."

అతను పళ్లు నూరుతూ మీట నొక్కాడు.

ఆమె దర్జాగా లిఫ్టు దాకా వెళ్లి కార్డు పెట్టారు. ఎర్రదీపం వెలిగింది. మళ్లీ పెట్టినా ఎరుపే. రుసరుసలాడుతూ వెనక్కొచ్చారు.

"నా కార్డుకేమైంది?"

"ఆ కింది కొమ్మ మీరేనమ్మా."

"నేను నా కొడుకు కింద కదా ఉండాల్సింది."

"మీ అబ్బాయి తన కింద వద్దన్నారు. 'అయితే మా అత్తయ్యని నా కింద చేర్చండి' అని మీ కోడలే అడిగారు."