వానచుక్క ఇచ్చిన ఒక్క స్టార్

“ఇదిగో, నీ నిర్వాకం,” అంటూ పార్లర్ మేడమ్ ఫోన్ తెచ్చి ఆమె ముఖం ముందు పెట్టింది.

ఆ పార్లర్‌లో పనిచేసేవాళ్లకు పేర్లుండవు, కుర్చీ నంబర్లే. ఆమె రెండో కుర్చీ.

ఆమె చదివేలోపే మేడమ్ ఫోన్ వెనక్కి లాక్కుని పైకి చదివింది. “రెండో కుర్చీ అమ్మాయి చేతులు వణుకుతున్నాయి, అని రాశారు. పైన ఒక్కటే స్టార్. రాసినావిడ పేరు వానచుక్కట.”

“పొద్దున్నుంచి పన్నెండు తలలు మేడమ్. ఒక్కదాన్నే...”

“వణికే చేతికి కత్తెర ఎవరిస్తారు? రేపట్నుంచి రాకు.”

మేడమ్ ఆ సాయంత్రమే ఎవరినో పట్టుకుని ఆ రివ్యూ తీయించేసింది. మాట మాత్రం ఊరంతా పాకింది. ఏ పార్లర్‌కు వెళ్లినా “చేతులు వణికే పిల్లవి నువ్వేనా?” అనేవాళ్లు. ఆరేళ్లు నేర్చిన పని అక్కరకు రాలేదు. చివరికి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనికి కుదిరింది.

ఆమెకు మేడమ్ మీద కోపం రాలేదు. కొట్టిన చేతికన్నా చూపించిన వేలి మీదే మనకు మంట ఎక్కువ. ఆమె కడుపు మండింది వానచుక్క మీద.

“దారినపోయే దానయ్యలెవరో ఏదో రాస్తే ఇంత పగేంటే నీకు?” అంది అక్క.

“నా నోటికాడ కూడు తీసేసిందక్కా. దాన్ని ఏడిపించకపోతే నా పేరు మార్చుకుంటా.”

“ఇప్పటికే మార్చుకున్నావుగా.”

అక్క అన్నది నిజమే. ‘డాక్టర్‌గారి భార్య’ అని ఆమె ఒక దొంగ అకౌంట్ తెరిచింది. ఫొటోల్లో ఎవరిదో తోట, అందులో ఉయ్యాల, ఉయ్యాల మీద ఎవరిదో వీపు. ముఖం అవసరం లేకపోయింది.

రివ్యూలో ఉన్న పేరుతో వెతికితే దొరికిన వానచుక్క కూడా ముఖం చూపించదు. పసుపుపచ్చ సోఫా, తెల్లటి కర్టెన్, చేతిలో కప్పు. కింద ‘మా ఇంట్లో ఉదయం’ అని రాసి ఉంటుంది.

“మీ ఇల్లు ఎంత బాగుందండీ,” అని రాసింది డాక్టర్‌గారి భార్య.

“మీ తోటకంటేనా,” అని జవాబొచ్చింది.

మూడు నెలలు ఇద్దరూ రోజూ రాసుకున్నారు. జ్వరమొస్తే ఒకరినొకరు పలకరించుకున్నారు. దొంగ పేరుతో మాట్లాడుతున్నంతసేపూ ఆమె నిజంగానే నెమ్మదస్తురాలయ్యేది. తన మెత్తదనం చూసి తనకే భయమేసి, మర్నాడు పనిగట్టుకుని పగ గుర్తు తెచ్చుకునేది.

ఒకరోజు చేప గాలానికి తగిలింది.

“మీకొక్కరికే చెబుతున్నానండీ. ఆ సోఫా నాది కాదు. నేను ఫర్నిచర్ షాపులో దుమ్ము దులుపుతాను. పొద్దున్నే జనం రాకముందు అక్కడ కూర్చుని ఫొటోలు తీసుకుంటాను.”

“ఎందుకండీ?”

“నా గదిలో గోడలన్నీ చెమ్మ. అదేం చూపించుకుంటాను? ఆ రెండు నిమిషాలూ నాకూ ఒక ఇల్లున్నట్టు ఉంటుంది.”

ఆ మాటలు ఆమె రెండుసార్లు చదువుకుంది. అయినా ఆగలేదు. మాటల్లోనే షాపు పేరు రాబట్టి, వానచుక్కకు సెలవున్న రోజు చూసుకుని అక్కడికి వెళ్లింది. పసుపుపచ్చ సోఫాను, దానికి వేలాడే ధర చీటీతో సహా ఫొటో తీసింది. వేరే పేరుతో దాన్ని ‘మా ఇంట్లో ఉదయం’ కిందే అంటించింది. షాపువాళ్ల కంటబడేలా వాళ్ల పేరూ తగిలించింది.

సాయంత్రానికి వందలమంది నవ్వారు. ‘రేపు ఎవరి ఇంట్లో ఉదయం?’ అని ఒకరు, ‘కప్పు కూడా షాపుదేనా?’ అని ఇంకొకరు. రెండో రోజు షాపువాళ్లు వానచుక్కను పనిలోంచి తీసేశారు.

“తృప్తిగా ఉందా?” అంది అక్క.

“ఇంకా లేదు. ఎవరు చేశారో దానికి తెలియాలి.”

ఆమె చకచకా రాసింది. “నేను డాక్టర్ భార్యనీ కాదు, గీక్టర్ భార్యనీ కాదు. పార్లర్‌లో రెండో కుర్చీని. నువ్విచ్చిన ఒక్క స్టార్‌తో నా ఉద్యోగం పోయింది. ఇప్పుడు నీదీ పోయింది. చెల్లుకు చెల్లు.”

తిట్లొస్తాయని చూసింది. శాపనార్థాలకూ సిద్ధపడింది. జవాబొచ్చింది.

“నువ్వా తల్లీ? నీకోసం రెండుసార్లు పార్లర్‌కి వెళ్లాను. నువ్వే మానేశావని చెప్పారు. చేతుల వణుకు తగ్గిందా? ఆ రోజు నేను రాసింది ఇదీ, చూడు.”

దాని కింద ఒక ఫొటో ఉంది.

ఆమె ఒళ్లు భగ్గుమంది. తన కొంప ముంచిన రాత మళ్లీ తనకే చూపిస్తోందా? ఫొటో తెరవకుండానే రాసింది. “నా చేతుల సంగతి నీకెందుకు? పోయి నీ పసుపుపచ్చ సోఫా చూసుకో.”

కాసేపటికి వానచుక్క పేరు పక్కన ‘ఈ అకౌంట్ ఇక లేదు’ అని కనిపించింది.

“పారిపోయింది,” అంది ఆమె. అనుకున్నంత ఆనందం మాత్రం కలగలేదు.

“ఆ ఫొటోలో ఏముందో చూడవే,” అంది అక్క.

ఆమె తెరిచింది.

“రెండో కుర్చీ అమ్మాయి చేతులు వణుకుతున్నాయి. సాయంత్రం నాలుగైనా ఆమెను అన్నానికి పంపలేదు. తిని వస్తానని అడిగినందుకు ఆమెను అందరిముందూ కసిరారు. అంత ఆకలిలోనూ నా జుట్టు ముచ్చటగా కత్తిరించింది కాబట్టి, ఈ ఒక్క స్టార్ ఆ పిల్లకు కాదు, యజమానురాలికి. ఆ పిల్లను వేళకు అన్నం తిననిచ్చేదాకా దయచేసి మీరెవరూ ఈ పార్లర్‌కు రాకండి.”