ఎవరి పేరు వాళ్లదే

"ఈ రూట్ ఎవడమ్మా? ముందు వాణ్ని నా రూమ్‌కి పిలువు!"

డైరెక్టర్ నాగార్జున గారి కేక ఎల్బీనగర్‌లోని ఆ హాస్పిటల్ అంతటా వినిపించింది. ఎదురుగా కంప్యూటర్లు చూసుకునే శ్రీకళ నిలబడి ఉంది. పక్కనే అల్మాస్‌గూడ నుంచి వచ్చిన బక్కయ్య కోపంతో ఊగిపోతున్నాడు. ఆయన భార్య పూలమ్మ రక్తపరీక్ష రిపోర్టు సర్వర్‌లోంచి మాయమైంది. ఎవరు తీసేశారని వెతికితే సర్వర్ చూపించిన పేరు 'రూట్'.

"రూట్ అంటే మనిషి కాదు సార్," అంది శ్రీకళ. "సర్వర్ మొత్తానికి పెద్ద అకౌంట్. దాని పాస్‌వర్డ్ ఇక్కడ అందరికీ ఎరుకే. అందరూ దాంతోనే లోపలికి పోతరు. ఎవరేం చేసినా రూట్ చేసినట్టే పడుతది."

"అంటే ఎవరు తీశారో చెప్పలేవా?"

"చెప్పలేను సార్."

"గట్లనా?" అన్నాడు బక్కయ్య. "పేరు లేనోడు రిపోర్టు తీసేసిండు. పేరున్న నా పెండ్లానికి మల్ల సూది గుచ్చుతరు. గంతేనా?"

డైరెక్టర్ గారికి తల కొట్టేసినట్టయింది. "శ్రీకళా, ఇకమీదట ఎవరి పేరుతో వాళ్లే లోపలికి వెళ్లాలి. ఇంకోసారి ఇలా జరిగి, నువ్వు పేరు చూపించలేకపోయావో, ఉద్యోగం మానేసి వెళ్లేది నువ్వే!"

ఆ బెదిరింపుకి భయపడాల్సింది పోయి శ్రీకళ సంబరపడింది. ఈ అనుమతి కోసం ఆమె ఎన్నాళ్లుగానో అడుగుతోంది. ఉద్యోగుల పేర్లూ పాస్‌వర్డ్‌లూ అన్నీ ఆఫీసు కంప్యూటర్లన్నింటినీ కలిపి నడిపే డొమైన్‌లో ఉన్నాయి. పొద్దున్నే వాళ్లు తమ కంప్యూటర్లు తెరిచేది వాటితోనే. రిపోర్టులుండే లినక్స్ సర్వర్‌కి మాత్రం ఆ పేర్లు తెలియవు. రెండింటినీ కలిపితే చాలు.

కలపడానికి కూర్చుంది. మొదట రెండు మెషీన్ల గడియారాలూ కలవక, సర్వర్ ఎవరినీ రానివ్వనంది. అది సరిచేసింది. తర్వాత ఎవరికి ఎంతవరకు అనుమతో తేల్చింది. బిల్లింగ్ వాళ్లకి బిల్లులు, ల్యాబ్ వాళ్లకి రిపోర్టులు, ఫార్మసీ వాళ్లకి మందులు. డైరెక్టర్ గారు మాత్రం ఒప్పుకోలేదు. "నాకు అన్నీ ఉండాలి. డైరెక్టర్‌ని కదా!" అన్నారు. అన్నీ ఇచ్చింది. చివరగా రూట్ దారి మూసేసింది.

తెల్లారేసరికి గొడవ మొదలైంది.

"ఇన్నొద్దులు ఒక్క పాస్‌వర్డ్‌తోని మంచిగ నడిచింది. ఇప్పుడేంది గీ పరేషాన్?" అంటూ వచ్చింది బిల్లింగ్ కృష్ణకుమారి.

"ఇది కొత్తది కాదు మేడం. మీ కంప్యూటర్‌కి కొట్టే పాస్‌వర్డే."

"అది ఊకె మార్చమంటది. మారుస్త. మర్చిపోత. నేను బిల్లులు కొట్టాల్నా, గివన్నీ యాది పెట్టుకోవాల్నా?"

ల్యాబ్ వినయ్ బాధ వేరు. "నేను ముట్టుకున్న ప్రతిదానికి నా పేరు పడుతదా?"

"పడుతది."

"అయితే నేనేదీ ముట్టుకోను."

కృష్ణకుమారి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లింది. ఇక తన పని అయిపోయినట్టేననుకుంది శ్రీకళ. కానీ కృష్ణకుమారి నవ్వుతూ బయటికొచ్చింది. ఆ తర్వాత ఒక్క ఫిర్యాదు లేదు. పాస్‌వర్డ్ మర్చిపోయామని ఒక్కరూ ఫోన్ చేయలేదు. వినయ్ కూడా ఈలలు వేసుకుంటూ రిపోర్టులు ఎక్కిస్తున్నాడు. మనుషులు ఇంత తొందరగా మారతారా అని శ్రీకళకే ఆశ్చర్యమేసింది. ఆ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి, ఇంటికి స్వీట్లు కొనుక్కుని మరీ వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే బక్కయ్య మళ్లీ వచ్చాడు. పూలమ్మ కొత్త రిపోర్టు కూడా మాయం!

"ఆపరేషన్ చేసే డాక్టరేమో రిపోర్టు లేనిదే ముట్టనంటుండు. ఇంకెన్నిసార్లు గుచ్చుతరు? ఆమె ఒంట్ల రక్తం మీ రిపోర్టులకే సరిపోతున్నది!"

డైరెక్టర్ గారు ఈసారి కేకలు వేయలేదు. మీటింగ్ హాల్లోకి అందరినీ పిలిపించి, బక్కయ్యని ముందు వరుసలో కూర్చోబెట్టారు. "ఇవాళ దొంగ దొరుకుతాడు. చూపించమ్మా, అందరూ చూడాలి."

శ్రీకళ సర్వర్ తెరిచి ప్రొజెక్టర్‌తో గోడ మీద చూపించింది. పూలమ్మ రిపోర్టు తీసేసిన వ్యక్తి పేరు పెద్ద అక్షరాల్లో పడింది.

నాగార్జున.

పొరపాటేమోనని శ్రీకళ ఆ జాబితాలో ఇంకా కిందికి వెళ్లింది. ల్యాబ్‌లో రిపోర్టులు ఎక్కించింది నాగార్జున. అదే నిమిషంలో బిల్లులు కొట్టింది నాగార్జున. ఫార్మసీలో దగ్గు మందు అమ్మింది నాగార్జున. క్యాంటీన్‌లో ఉప్మా లెక్క రాసింది కూడా నాగార్జునే.

"సార్... మీ పాస్‌వర్డ్ ఎవరికన్నా ఇచ్చిన్రా?"

"కృష్ణకుమారికి ఒక్కదానికే. పాపం ఏడుస్తోందని. ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నాను."

కృష్ణకుమారి తల దించుకుంది. "నేను వినయ్‌కొక్కనికే చెప్పిన సార్."

"నేను ఫార్మసీ మధుకొక్కనికే," అన్నాడు వినయ్.

వెనక నుంచి క్యాంటీన్ రాజు చెయ్యెత్తాడు. "మధు సార్ నాకొక్కనికే చెప్పిండు."

"ఇవన్నీ నాకెందుకు?" అని లేచాడు బక్కయ్య. "రిపోర్టు తీసిందెవరో చెప్పున్రి."

డైరెక్టర్ గారు ఎవరి మాటా వినడం లేదు. పైనుంచి కింది దాకా గోడ నిండా ఉన్న తన పేరునే కళ్లార్పకుండా చూస్తున్నారు. మెల్లగా ఆయన ఛాతీ ఉప్పొంగింది.

"అంటే, ఈ హాస్పిటల్లో పని చేసేది నేనొక్కణ్ణే అన్నమాట! శ్రీకళా, మిగతావాళ్ల అకౌంట్లు తీసెయ్."