ఐదో ఆటగాడు

“ఆదివారం నాలుగింటికల్లా ఇది పరిగెత్తాలి,” అంది లెక్కల టీచరు, రెండు చేతులా మోసుకొచ్చిన కంప్యూటర్‌ని బల్ల మీద దించుతూ.

మెకానిక్ పక్క రేకు విప్పి లోపలికి చూశాడు. దూదిలా దుమ్ము పేరుకుని ఉంది.

“ఏ ఆట మేడమ్?”

ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. ఆట పేరు, దానికి కావలసినవన్నీ గుండ్రటి అక్షరాల్లో రాసి ఉన్నాయి. అది చదివి అతను నవ్వాడు.

“ఇది ఉత్తరాలు టైపు చేసుకోడానికి కొన్న చవక డబ్బా. ఎనిమిదేళ్లు దాటింది. దీంతో ఈ ఆట ఆడించడమంటే తాతయ్యని పరుగు పందెంలోకి దింపడమే. కొత్తది కొనుక్కోండి, గొడవ వదులుతుంది.”

“ఇదే కావాలి. ఇది మావాడిది.”

“మరి ఇన్నాళ్లూ దీంతో ఎలా ఆడాడు?”

“వాడి చేతులు చురుకైనవి,” అంది. వెంటనే మిగతాది గబగబా చెప్పేసింది. “ఐదుగురి జట్టు. ఆదివారం పోటీ. మావాడి బొమ్మ దారిలో బిగుసుకుపోతుంటే మిగతా నలుగురూ ఆగాల్సివస్తోంది. ఆరోవాడొకడు బయట కాచుకుని ఉన్నాడు. ఈసారీ ఇలాగే అయితే మావాడి చోటు పోతుంది.”

“పోతే పోనివ్వండి, చదువుకుంటాడు. టీచరై ఉండి మీరే…”

“పోకూడదు.”

గొంతు పెద్దదైందని ఆమెకే తెలిసింది. బల్ల మీద వంకరగా ఉన్న స్క్రూడ్రైవర్‌ని తీసి తిన్నగా పెట్టింది.

“సరే, అయితే వినండి,” అన్నాడు మెకానిక్. “ర్యామ్ నాలుగు జీబీలే ఉంది, పదహారు చెయ్యాలి. ఈ హార్డ్ డిస్క్ నత్త. తీసి ఎస్‌ఎస్‌డి వేద్దాం. గ్రాఫిక్స్ కార్డు అసలు లేనే లేదు. ఈ ఇరుకు డబ్బాలో పట్టే పొట్టి కార్డు వెతకాలి. దాన్ని లాగాలంటే పవర్ సప్లై కూడా మార్చాలి.”

“పాత డిస్కులో ఒక్క ఫైలు కూడా పోకూడదు.”

“పోవు, నాది పూచీ. మైకు ఒకటి మంచిది వేయమంటారా?”

“మైకు వద్దు.”

“జట్టుతో మాట్లాడుకోవాలిగా మేడమ్?”

“రాసుకుంటారు.”

శుక్రవారం బడి వదలగానే ఆమె షాపులో ఉంది. కార్డు రాలేదు. శనివారం వచ్చింది, కానీ పవర్ సప్లై తీగ అక్కడిదాకా అందలేదు. ఆమె జవాబు పత్రాలు తెచ్చుకుంది. ఒకే లెక్కని మూడుసార్లు దిద్ది, లేచి, అతని వెనకాల నిలబడింది.

“మీరలా నెత్తిన నిలబడితే స్క్రూలు కూడా భయపడి కింద పడుతున్నాయి మేడమ్. ఆ స్టూలు మీద కూర్చోండి. అయినా బాబుని పంపొచ్చుగా?”

“వాడు రాడు.”

“ఈ కాలం పిల్లలింతే. హుకుం వాళ్లది, తిరుగుడు మనది.”

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి వీధిలోకి చూసింది.

ఆదివారం పదకొండింటికి పని పూర్తయింది. అతను ఆట నడిపించి, తెర మూలనున్న అంకె చూపించాడు.

“చూశారా? క్షణానికి అరవై బొమ్మలు. మొన్న పన్నెండు కూడా లేవు. ఇక వెనకబడితే తప్పు మిషన్‌ది కాదు, బాబుదేనని చెప్పండి.”

కంప్యూటర్ ఎత్తబోతున్న ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి.

మూడున్నరకి చివరి గదిలో తీగలన్నీ కలిపి, తలుపు వేసి, ఆమె కుర్చీలో కూర్చుంది. ఏడు నెలలుగా ఆ కుర్చీలో కూర్చుంటున్నది ఆమే.

కొడుకు చనిపోయిన మరుసటి వారం, ఇందులోని ఫొటోలు చూద్దామని ఆన్ చేస్తే తెర మీద ఒక మాట కనిపించింది. ‘పిడుగూ, ఎక్కడున్నావురా? నువ్వు లేకుండా మొదలుపెట్టం.’ ఆటలో వాడి పేరు పిడుగు. రాసింది జట్టు కెప్టెన్. అతనెక్కడివాడో, మిగతా ముగ్గురెవరో ఆమెకి తెలియదు. ఆటలో పెట్టుకున్న పేర్లే తెలుసు. జరిగింది రాసేద్దామని కూర్చుంది. రెండు గంటలు కూర్చుని, చివరికి ‘వస్తున్నా’ అని రాసింది. ఇల్లు, బడి, వీధి, అందరూ వాడు లేడని ఒప్పుకున్నారు. ఈ ఒక్క చోట వాడి కోసం ఇంకా ఆగుతున్నారు.

ఆట నేర్చుకుంది. మైకులో మాట్లాడమని వాళ్లు ఒక్కసారీ అడగలేదు. ఆమె పడిపోయినప్పుడల్లా కెప్టెన్ ఒకటే రాసేవాడు. ‘నీ తప్పు కాదురా, నీ డొక్కు కంప్యూటర్‌ది.’

నాలుగింటికి పోటీ మొదలైంది. ‘కొత్త పార్టులు వేయించా’ అని రాసింది. ‘అదిరిందిరా!’ అని రాశాడు జట్టులో బుల్లెట్టు అనేవాడు.

కూలుతున్న వంతెన. నలుగురూ అవతలికి దూకేశారు. ఆమె మీట నొక్కింది. ఆలస్యమైంది, పడిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పడింది. మూడోసారీ అంతే. బొమ్మ ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. మూలనున్న అంకె అరవై దగ్గరే నిలబడి ఉంది. పైన సమయం తరిగిపోతోంది.

‘పిడుగూ, మళ్లీ కంప్యూటరేనా?’ కెప్టెన్ అడిగాడు.

అవునంటే సరిపోయేది. వేళ్లు ఆ అక్షరం దాకా వెళ్లి వెనక్కి వచ్చాయి.

‘కాదు. చేతులదే తప్పు’ అని రాసింది.

అవతల ఒడ్డున నలుగురూ కదల్లేదు. నలభై క్షణాలున్నాయి. ముప్పై. పక్కన జాబితాలో ఆరోవాడి పేరు సిద్ధమన్నట్టు పచ్చగా వెలుగుతోంది. ఆమె మీటల మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

అప్పుడు కెప్టెన్ రాశాడు.

‘మాకు మొదటి రోజే తెలుసమ్మా, నిదానంగా రండి.’