భోజనాల వేళ ఫోను

ఆరోసారి ఆ ఫోను మోగేసరికి దర్జీకి ఒళ్లు మండింది.

"అన్నయ్యా, గుండె పరీక్షకు మీరింకా రాలేదు" అంది అవతలి గొంతు.

"ఎవరమ్మా నీకు అన్నయ్య? గడ్డ తీసేశారు. జబ్బు పోయింది. ఇక నన్ను బతకనివ్వవా?"

మూత్రపిండం పైనుండే గ్రంథిలో గడ్డ. దానివల్ల ఒంట్లో కార్టిజాల్ అనే హార్మోను పెరిగిపోయి, ముఖం ఉబ్బి, పొట్ట పెరిగి, నాలుగేళ్లు వీధి చేత 'గుమ్మడి' అనిపించుకున్నాడు.

ఆపరేషనయ్యాక ఏడాది తిరిగేసరికి తన చొక్కాలన్నీ తనే బిగించి కుట్టుకున్నాడు. అద్దంలో పాత ముఖం కనబడగానే బీపీ మాత్రలు మానేశాడు.

ఆమె మాత్రం వదల్లేదు. సరిగ్గా భోజనాల వేళకు ఫోను. జబ్బు పోయినా అది గుండెకు చేసిన చెరుపు పోదని, మాత్రలు మానొద్దని అదే పాట.

మర్నాడే ఆసుపత్రికి వెళ్లి, బల్ల గుద్ది మరీ ఫిర్యాదు రాసిచ్చాడు.

ఆమెది ఫైళ్ల గదిలో పని. రోగుల నంబర్లు రాసుకుని, సొంత ఫోను నుంచి చేస్తోందని తేలింది. అక్కడికక్కడే పనిలోంచి తీసేశారు.

సంచి పట్టుకుని వెళ్లిపోతూ అతని ముందు ఆగింది. నాలుగడుగులకే ఆయాసపడుతోంది.

"మాత్రలు వేసుకుంటున్నారా?"

దర్జీ ముఖం తిప్పుకున్నాడు.

మూడు నెలలకు కాజాలు కుడుతూ కుడుతూ ఛాతీ పట్టుకుని మిషను మీదకు ఒరిగిపోయాడు.

బతికాడు. గుండె మాత్రం సగమే పనిచేస్తోందన్నారు. ఇక మిషను తొక్కే యోగం లేదు.

తేరుకోగానే డాక్టరమ్మ మీద విరుచుకుపడ్డాడు. నయమైందని చెప్పి పంపారే, గుండెకు ముప్పుందని ఒక్కరైనా చెప్పారా అని నిలదీశాడు.

"చీటీలో రాసి చేతులు దులుపుకున్నాం. అది మా తప్పే" అంది డాక్టరమ్మ, ఆమె గొంతులోనూ కోపమే. "నోటితో చెప్పిన ఒక్క మనిషినీ మీరు పంపించేశారు."



ఆ సాయంత్రం భార్య చేత ఫైళ్ల గది ఆమె నంబరుకు ఫోను చేయించి, తనే అందుకున్నాడు.

ఎవరో పెద్దాయన ఎత్తాడు. ఆమె భర్తట. దర్జీ తానెవరో, ఏం చేశాడో దాచకుండా చెప్పి, ఆవిడతో ఒక్క మాట మాట్లాడాలన్నాడు.



"ఆవిడ పోయి పదిరోజులైంది. గుండె ఆగిపోయింది" అన్నాడు పెద్దాయన. "ఆవిడకూ మీకు చేసిన ఆపరేషనేనండి. అప్పట్లో ఎవరూ ఫోను చెయ్యలేదు."