గని చొక్కా

పొద్దున్నే గోడలోని వైద్యపెట్టెలోకి ఊపిరి ఊదడం పళ్లు తోముకున్నంత మామూలైపోయింది. ఆరోజు మస్తానమ్మ ఊదగానే, పెట్టె లోకంలోని పనిరోగాలన్నీ వెతికి చెప్పింది. "ఇది పలకల గని దుమ్ము జబ్బు. గనిలో ఎన్నేళ్లు చేశారమ్మా?"

"నేనా? గని మొహమే చూళ్లేదు. పొయ్యేది మా ఆయన."

మాస్కు తగిలించుకుని పనికి బయలుదేరుతున్న నాసరయ్య ఆగిపోయాడు. అతని ఊపిరి శుభ్రంగా ఉందని పెట్టె అప్పుడే చెప్పింది.

"ఆయన బట్టలు ఎవరు ఉతుకుతారు?" పెట్టె అడిగింది.

ఉతికేది మస్తానమ్మే. రోజూ సాయంత్రం గుమ్మంలో నిలబడి అతని చొక్కా గట్టిగా దులిపాకే నానబెట్టేది. అలాగైతే నీళ్లు తక్కువ పడతాయి.

నాసరయ్య మాస్కు తీసి ఆమె ముఖానికి పెట్టబోయాడు.

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నాకిప్పుడెందుకయ్యా? పనిలో నీకు కావాలిగా."