జీతం తీసుకున్న ముక్కు

ఎల్లాజీ చేస్తున్నది పట్టపగటి దోపిడీ. కాకపోతే కత్తీ లేదు, కన్నం వేసే పనీ లేదు. రాంగోపాల్‌పేట్‌లో దేవమ్మ బిస్కెట్ల ఫ్యాక్టరీకి వచ్చే నెయ్యి వాసన చూసి మంచిచెడ్డలు చెప్పడం అతని ఉద్యోగం. ఆ ముక్కు కరోనాతో పోయింది. మూడేళ్లయినా తిరిగి రాలేదు. మల్లెపువ్వూ మురిక్కాలవా అతనికిప్పుడు ఒకటే. జీతం మాత్రం ఠంచనుగా తీసుకుంటున్నాడు.

మరేం చేస్తాడు? ముక్కు తప్ప వేరే విద్య లేదు. కూతురి నర్సింగ్ చదువు సగంలో ఉంది. ఈ వయసులో ముక్కు పోయిన మనిషికి ఎవరు పనిస్తారు? అందుకని ఓ ఉపాయం కనిపెట్టాడు.

ప్రతి మంగళవారం నెయ్యి వ్యాపారులు శాంపిళ్లు తెస్తారు. బల్లకు అటు దేవమ్మ, ఇటు ఎల్లాజీ. ఇద్దరూ చెరో చుక్క చేతి వెనక రుద్దుకుని వాసన చూస్తారు. ఎల్లాజీ కళ్లు మాత్రం ఆమె మొహం మీదే ఉంటాయి. ఆమె కనుబొమ్మ ముడిపడిందా, "కాస్త పాత వాసనొస్తందండి" అంటాడు. పెదవి విచ్చుకుందా, "కమ్మగుందండి" అంటాడు. దేవమ్మ వెంటనే తలూపి ఆర్డర్ ఇచ్చేస్తుంది.

"నీ ముక్కుకు దండం పెట్టాలె" అంటుంది పైగా.

పాపం పిచ్చితల్లి అనుకుంటాడు ఎల్లాజీ.

అతనంటే ఆమెకు అంత గురి. మరదలి పెళ్లికని అతను విజయనగరం వెళ్తే, తిరిగొచ్చేదాకా ఒక్క డబ్బా నెయ్యి కొనలేదు మహాతల్లి. ఉన్నది అయిపోయి బట్టీ ఆర్పుకుని కూర్చుంది. మరోసారి వీళ్లిద్దరూ ముందు గదిలో మాట్లాడుకుంటూ ఉంటే, వెనక బట్టీలో ట్రేలకు ట్రేలు మాడి బొగ్గయ్యాయి. పక్క దుకాణం వాళ్లు ముక్కు మూసుకుని పరుగెత్తుకొచ్చి చెప్పాల్సి వచ్చింది. ఇక దొరికిపోయానని ఎల్లాజీకి చెమటలు పట్టాయి. దేవమ్మ అతన్ని ఎగాదిగా చూసింది గానీ ఒక్క మాట అనలేదు. ఎంత దొడ్డ మనసో అనుకున్నాడు.

హాయిగా సాగుతున్న ఈ వ్యవహారంలో నిప్పులు పోసినవాడు బోయిన్‌పల్లి నెయ్యి వ్యాపారి రామ్మోహనరావు. దేవమ్మ దగ్గర అతని సరుకు ఓ వారం అమృతం, మరో వారం చెత్త. ఒళ్లు మండి, ఒకే నెయ్యిని రెండు డబ్బాల్లో పోసి, రెండు పేర్లతో పంపాడు. ఒకటి కమ్మగా ఉందన్నారు, రెండోది పాతదన్నారు. మరుసటి మంగళవారం తనే వచ్చి కూర్చున్నాడు.

"మేడమ్, మీ మనిషి ఎవరి దగ్గరో లంచం తింటున్నాడు. లేకపోతే ఒకే నెయ్యికి రెండు తీర్పులేంటి? ఇవాళ నా ముందు పరీక్ష పెట్టండి. తప్పు చెప్పాడా, పోలీసులకు అప్పజెప్పండి. పెట్టనన్నారా, ఈ సంగతి మార్కెట్ అంతా చెప్తాను."

దేవమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గిప్పుడెందుకు రావ్ సాబ్ గీ పరేషాన్? మనం మనం మాట్లాడుకుందాం" అంది.

అతను వినలేదు. మూడు గిన్నెలు బల్ల మీద పెట్టాడు. వాటిలో అసలైన ఆవు నెయ్యి ఏదో చెప్పాలన్నాడు.

ఎల్లాజీ మొదటి గిన్నె వాసన చూసి దేవమ్మ వంక చూశాడు. ఆమె మొహం రాయిలా ఉంది. రెండోదానికీ అంతే. మూడో గిన్నె ఎత్తేసరికి భయానికి అతని మూతి నవ్వినట్టు ఓ పక్కకు లాగింది. అదే క్షణంలో దేవమ్మ మొహం వెలిగింది. బతికించావు తల్లీ అనుకున్నాడు.

"ఇదేనండి. ఇప్పుడే వెన్న కాసినట్టుందండి."

దేవమ్మ గట్టిగా తలూపింది. రామ్మోహనరావు పడీపడీ నవ్వాడు.

"అది దేవుడి దగ్గర దీపానికి పోసే నెయ్యి మేడమ్. తినకూడదని డబ్బా మీదే రాసుంటుంది. ఇలాంటివాణ్ణి నమ్మి మీరు తలూపుతున్నారు."

ఎల్లాజీ తేలు కుట్టిన దొంగలా గిన్నె కింద పెట్టాడు. దేవమ్మ లేచింది.

"రావ్ సాబ్, ఈ వారం ఆర్డర్ మీకే. జెర బయట కూసోని చాయ్ తాగుండ్రి. ఇది మా ఇంటి ముచ్చట."

ఆయన బయటికి వెళ్లగానే ఎల్లాజీ ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"తప్పైపోనాదండి అమ్మగారూ. లంచం ఒక్క పైసా తిన్లేదండి. కరోనా వచ్చిన కాణ్ణుంచి నాకు వాసనే తెల్డం లేదండి. ఇన్నాళ్లూ మీ మొహం సూసే సెప్తన్నానండి. పోలీసులకిచ్చినా నానేటీ అననండి."

దేవమ్మ కుర్చీలో కూలబడింది. ఆ తర్వాత లేచి వెళ్లి, తలుపు గడియ పడిందో లేదో చూసి, గొంతు బాగా తగ్గించి అంది.

"పోలీసోళ్లొస్తే ఇద్దరం పోవాలె ఎల్లాజీ. గా కరోనాల నా ముక్కు గూడ పోయింది, గప్పటి సంది నేను నీ మొకం చూసే నెయ్యి కొంటున్న."