ఉత్త చేతులు

“అక్కా, రిసెప్షనిస్టు పోస్టుకు పక్క గది.”

నల్ల టీషర్టు కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. అతని ల్యాప్‌టాప్ మూత మీద ఇంకో స్టిక్కర్ అంటించడానికి జాగా లేదు. స్నేహితులు అతన్ని ‘తుఫాను’ అంటారు.

“సెక్యూరిటీ పోస్టుకే వచ్చాను,” అంటూ ఆమె అతని పక్క కుర్చీలోనే కూర్చుంది.

అదో పెద్ద ఆసుపత్రి. దాని కంప్యూటర్లలోకి దొంగలు దూరకుండా కాపలా కాసేవాళ్లు కావాలని ప్రకటన ఇచ్చారు. వచ్చినవాళ్లంతా కుర్రాళ్లే, ఆమె తప్ప.

ఇన్నాళ్లూ ఓ ఆఫీసులో పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లకు కొత్తది ఇచ్చే పని ఆమెది. ఇంటికెళ్లి వంటా వార్పూ అయ్యాక ఈ విద్య సొంతంగా నేర్చుకుంది. వెళ్లిన ప్రతిచోటా “ఆడవాళ్లకు ఎందుకమ్మా ఈ తలనొప్పి” అని పంపేశారు. ఈసారి మాత్రం ఉద్యోగం కొట్టాకే ఇంటికి వెళ్లాలని గట్టిగా అనుకుని బయల్దేరింది.

పిలుపు రాగానే తుఫాను చెయ్యి చూపించాడు.

“లేడీస్ ఫస్ట్.”

పెద్దమనసేం కాదు. పరీక్ష ఎంత కష్టమో ఆమె మొహం చూసి తెలుసుకుందామని.

లోపల సెక్యూరిటీ హెడ్, ఆయన అసిస్టెంట్ కూర్చున్నారు.

“అదిగో, ఆ అద్దాల గదిలో ఉన్న మిషన్. ఉత్తుత్తిది, పరీక్ష కోసం పెట్టాం. కావాలనే ఓ కన్నం వదిలాం. ఈ కీబోర్డు దగ్గర్నుంచే అందులోకి దూరి, లోపల దాచిన రహస్య పదం పట్టుకురావాలి. మా భాషలో దాన్ని జెండా అంటాం.”

“తెలుసు సార్.”

“అరగంట టైము. ఈ పనికి మొండితనం కావాలమ్మా.”

“అది దండిగా ఉంది సార్. మా అమ్మ తిట్టేది దానికే.”

అసిస్టెంట్ నవ్వాపుకున్నాడు. హెడ్ నవ్వలేదు.

ఆమె వేళ్లు చకచకా కదిలాయి. ఉన్నట్టుండి ఆగిపోయాయి.

అద్దాల గది వైపు చూసింది. గోడ గడియారం వైపు చూసింది. పెదవి కొరుక్కుంది. మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి టైము అయ్యేదాకా తల ఎత్తలేదు.

“జెండా ఏదమ్మా?”

“తేలేదు సార్. ముందు ఒక్క మాట వినండి. ఆ మిషన్‌కున్న వైరు తీయించండి. అది వార్డుల్లోకి పోతోంది.”

“ఉత్తుత్తి మిషనని చెప్పానా లేదా?”

“చెప్పారు సార్. అయినా తీయించండి.”

“నేనే దగ్గరుండి పెట్టించాను. జెండా దొరక్కపోతే నెపం వైరు మీద పెడతావా?”

“ఒక్కసారి లేచి చూస్తే పోయేదేముంది సార్?”

హెడ్‌కు చిర్రెత్తుకొచ్చింది. “నెక్స్ట్.”

ఆమె కుర్చీలోంచి కదల్లేదు.

“తీయిస్తానని చెప్పండి, వెళ్లిపోతాను.”

“సరే, తీయిస్తాలే. వెళ్లమ్మా, పుణ్యముంటుంది.”

వదిలించుకోవడానికి అన్న మాటది. ఆమె వెళ్లిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగినా తల మాత్రం దించలేదు.

తర్వాత తుఫాను వచ్చాడు. అరగంట సేపు కీబోర్డును చితకబాది, నుదురు తుడుచుకుంటూ లేచాడు. జెండా మాట దేవుడెరుగు, గుమ్మం దాకా కూడా పోలేకపోయాడు. అతని వెనకవాళ్లదీ అదే గతి.

“ఈ కాలం పిల్లలింతే,” అని హెడ్ పెదవి విరిచాడు. చివరికి మాటల్లో హుషారు కనిపించిందని తుఫానుకే ఉద్యోగం ఇచ్చాడు.

కొన్నాళ్లకు ఆ మిషన్ తీసేద్దామని అద్దాల గదిలోకి వెళ్లిన అసిస్టెంట్ పరుగున తిరిగొచ్చాడు.

“సార్, కొంప మునిగేది. పరీక్షకని పాత మిషన్‌నే వాడాం కదా, దాని పాత వైరు పీకడం మరిచిపోయాం. అది సరాసరి ఐసీయూలో మందులెక్కించే మిషన్లకే పోతోంది. ఆ రోజు ఎవడైనా లోపల దూరి కెలికి ఉంటే అవన్నీ ఆగిపోయేవి.”

హెడ్‌కు ముచ్చెమటలు పోశాయి.

“వచ్చినవాళ్లంతా మొద్దులు కాబట్టి బతికిపోయాం,” అన్నాడు.

అన్నాక ఆయనకు ఏదో గుచ్చుకుంది. లోపలికి పోలేని మనిషికి వైరు వార్డుల్లోకి పోతోందని ఎలా తెలిసింది?

ముందు వైరు పీకించాడు. తర్వాత ఆమె నంబరు వెతికి ఫోన్ చేశాడు.

“అమ్మా, ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాను. ఆ రోజు పరీక్ష…”

“వైరు తీశారా సార్?”

“ఇప్పుడే తీశాం.”

“అమ్మయ్య. ఎన్నిసార్లు ఫోన్ చేసినా మీరు మీటింగ్‌లో ఉన్నారనే చెప్పారు సార్.”

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“ఆ రోజు మీరు లోపలికి వెళ్లారు కదా?”

ఎప్పుడు ‘మీరు’లోకి దిగాడో ఆయనకే తెలియదు.

“వెళ్లాను సార్.”

“మరి జెండా ఎందుకు తేలేదండీ? తెచ్చుంటే ఉద్యోగం మీదే. ఇప్పుడైనా రండి, రేపే చేరండి.”

“ఇంకోచోట చేరిపోయాను సార్, ఈ పనికే. జెండా దగ్గరికి వెళ్లేవేళకి వైరు సంగతి కనబడింది. ఉన్న టైము ఒక్క పనికే సరిపోయేది.”

“ఏ పనికి?”

“మీరు వదిలిన కన్నం లోపల్నుంచి పూడ్చేసి వచ్చాను సార్, నా తర్వాత వచ్చే పిల్లలెవరూ తెలియక ఐసీయూ దాకా పోకుండా.”